పేరు కూర్మం, ఊరు కల్లమేడు, చుట్టం న్యూజెర్సీ

ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెదనాన్న ఒక మెసేజ్ పెట్టారు. ఎవరో ఆయనకి పంపితే ఆయన మాకు పంపారు. సారాంశం ఇది: తమిళనాడులో 7 కోట్ల ఏళ్ల నాటి తాబేలు రాయి రూపంలో దొరికింది, విదేశీ శాస్త్రవేత్తలు దానికి కూర్మం అని పేరు పెట్టారు, కాబట్టి కూర్మావతారం నిజమని అమెరికా ఒప్పుకుంది. కింద పదహారు దండాలు, మూడు పువ్వులు. దాని కింద పెదనాన్న సొంతంగా రాసిన ఒక్క వాక్యం, నన్ను ఉద్దేశించి: "ఏటిరా, ఇది నిజమేనా? నువ్వు అక్కడే ఉన్నావు కదా."

మాది శ్రీకాకుళం. పెదనాన్న తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. నేను బడిలో చదివే రోజుల్లో సైకిల్ మీద కూర్చోబెట్టుకుని శ్రీకూర్మం తీసుకెళ్లిన మనిషి. పడమటి ముఖంగా ఉండే స్వామిని, రెండు ధ్వజస్తంభాలని, స్తంభాల మీద చెక్కిన శాసనాలని ఒక్కొక్కటే చూపించి, "ఇవి చదవడం నేర్చుకోవాలిరా, లేకపోతే ఎవడేం చెప్తే అదే చరిత్ర అయిపోతుంది" అన్నది ఆయనే. అలాంటి మనిషి అడిగినప్పుడు "అదంతా ఫేక్ పెదనాన్నా" అని ఒక ముక్క రాసి పడేయడానికి చెయ్యి రాలేదు. పైగా అది పూర్తిగా ఫేక్ కాదు. ఆ తాబేలు ఉంది. ఆ పేరూ ఉంది. తేడా అంతా "కాబట్టి" అన్న మాట దగ్గరే వచ్చింది.

తమాషా ఏమిటంటే, ఆ తాబేలు చుట్టాన్ని నేను అప్పటికే కలిశాను. అదీ న్యూజెర్సీలో.

ఇక్కడికి వచ్చి పదకొండేళ్లయింది. ఇన్నాళ్లూ ఈ రాష్ట్రమంటే నాకు టర్న్‌పైక్, ట్రైన్ పాస్, దోసె దొరికే ఊళ్లు, అంతే. "ఇక్కడ చరిత్రేముంది, మహా అయితే మూడు వందల ఏళ్లు" అని ఇండియా నుంచి వచ్చిన చుట్టాలతో గొప్పగా అనేవాడిని. మా అమ్మాయికి రాక్షసబల్లుల పిచ్చి పట్టాక ఆ మాట మానేయాల్సి వచ్చింది. రాష్ట్రం దక్షిణాన, ఫిలడెల్ఫియాకి అవతలి ఒడ్డున, మాంటువా టౌన్‌షిప్‌లో ఒక పాత క్వారీ ఉంది. పచ్చటి ఇసుక తవ్వి, నీళ్లు శుద్ధి చేసే పనికి అమ్మేవాళ్లు. ఆ గోతిని తర్వాత రోవన్ విశ్వవిద్యాలయం కొనుక్కుంది. 2025లో అక్కడ శిలాజాల మ్యూజియం తెరిచారు. పిల్లలు మోకాళ్ల మీద కూర్చుని చిన్న పారలతో తవ్వుకోవచ్చు. మా అమ్మాయికి ఒక గవ్వ ముక్క దొరికింది. దాన్ని పట్టుకుని ఇంటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

ఆ మాంటువా టౌన్‌షిప్‌లోనే బార్న్స్‌బరో అని చిన్న ఊరు. మన కథ మొదలయ్యేది అక్కడ.

19వ శతాబ్దంలో న్యూజెర్సీ రైతులకి ఆ పచ్చ ఇసుక ఎరువు. దాన్ని మార్ల్ అంటారు. గ్లాకొనైట్ అనే ఖనిజం వల్ల దానికి ఆ రంగు. పొటాష్ ఉంటుంది కాబట్టి బండ్లకి బండ్లు తవ్వి పొలాల్లో చల్లేవాళ్లు. అది ఒకప్పటి సముద్రపు అడుగు. తవ్వుతుంటే షార్కు పళ్లు, మొసలి ఎముకలు, తాబేటి చిప్పలు బయటపడేవి. దగ్గర్లోనే ఉన్న హాడన్‌ఫీల్డ్‌లో ఇలాంటి మార్ల్ గోతి నుంచే 1858లో హాడ్రోసారస్ అనే రాక్షసబల్లిని వెలికి తీశారు. అంటే అమెరికాలో రాక్షసబల్లుల శాస్త్రం నిలదొక్కుకుంది ఎరువు గోతుల్లో.

ఆ ఎముకలన్నీ చివరికి చేరేది ఫిలడెల్ఫియాలో జోసెఫ్ లైడీ బల్ల మీదకి. ఆయన వైద్యం చదివినవాడు, శరీర నిర్మాణ శాస్త్రం బోధించేవాడు. బార్న్స్‌బరో దగ్గర దొరికిన ఒక తాబేలు పుర్రె, కింది దవడ ఆయన ముందుకి వచ్చాయి. చిప్ప లేదు, కాళ్లు లేవు. పుర్రె వెడల్పుగా, త్రికోణంలా ఉంది. విచిత్రమంతా నోట్లో ఉంది. పై దవడలో చెరోపక్కా లోతైన గుంట. కింది దవడలోనూ చెరో గుంట. మనింట్లో అల్లం దంచుకునే చిన్న రోలు గుర్తు తెచ్చుకోండి, అలాగ. తాబేళ్లకి పళ్లుండవు, దవడ అంచునే కత్తిలా వాడుకుంటాయి. కానీ ఇలా నోట్లో గుంటలు పెట్టుకు తిరిగే తాబేలు ఇప్పుడు ఎక్కడా లేదు.

1865లో లైడీ దానికి బోత్రెమిస్ కుకీ అని పేరు పెట్టాడు. గ్రీకులో బోత్రోస్ అంటే గుంట, ఎమిస్ అంటే తాబేలు. కుకీ అన్నది జార్జ్ కుక్ పేరు మీద. ఆయన రట్గర్స్ కాలేజీలో ప్రొఫెసరు, రాష్ట్ర భూగర్భ శాస్త్రవేత్త, పచ్చ ఇసుక ఎరువు గురించి రైతులకి నచ్చజెప్పినవాడు. ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది: జంతువుకి మనిషి పేరు పెట్టడం గౌరవం కోసం. కుక్ గారికీ తాబేలుకీ అంతకుమించి సంబంధం లేదు.

ఆ గుంటలు ఎందుకు? గట్టి చిప్పలున్న నత్తల్లాంటి వాటిని పట్టి నలగ్గొట్టడానికి అన్నది శాస్త్రవేత్తల ఊహ. దొరికింది సముద్రపు మట్టిలో కాబట్టి ఆ తిండికి కొదవ లేదు.

ఇప్పుడు అసలు విషయం, మెడ. మనం చూసే తాబేళ్లు, శ్రీకూర్మం గుడి ఆవరణలో తిరిగే నక్షత్ర తాబేళ్లతో సహా, భయపడితే మెడని నిలువుగా ముడిచి తలని తిన్నగా లోపలికి లాక్కుంటాయి. పక్కనుంచి చూడగలిగితే మెడ ఇంగ్లీషు ఎస్ అక్షరంలా మడత పడి ఉంటుంది. వీటిని దాచుకునే మెడవి అందాం. రెండో జాతి వేరు. అవి మెడని అడ్డంగా వంచి, తలని చిప్ప అంచు కింద ఒక పక్కకి ఆనించుకుంటాయి. రైల్లో కిటికీ పక్క సీటు దొరికినవాడు భుజం మీదకి తల వాల్చి నిద్రపోయినట్టు. ఇవి పక్కమెడ తాబేళ్లు. మెడ ఒక పక్క బయటికి కనబడుతూనే ఉంటుంది. ఒక ఆక్వేరియంలో దక్షిణ అమెరికా మటమట తాబేలుని చూసి మా అమ్మాయి, "నాన్నా, దానికి మెడ పట్టేసిందా?" అంది.

మరి బార్న్స్‌బరోలో దొరికింది పుర్రె, దవడ. మెడే లేనప్పుడు ఆ మెడ ఎటు వంగేదో ఎలా తెలుస్తుంది? ఇంజనీరుని కాబట్టి ఈ ప్రశ్న దగ్గర నాకు బాగా ఆసక్తి పుట్టింది. దవడ మూసే పెద్ద కండరం నేరుగా కిందికి దిగదు, మధ్యలో ఒక ఎముక బొడిపె మీదుగా తిరుగుతుంది, బావి గిలక మీద చేంతాడులాగ. దాచుకునే మెడవాటికి ఆ గిలక చెవి దగ్గరి ఎముక మీద ఉంటుంది. పక్కమెడవాటికి అంగిలి వైపు ఎముక మీద ఉంటుంది. గిలక ఎక్కడుందో చూస్తే చాలు, పుర్రె ఏ వంశానిదో తెలిసిపోతుంది. అదే చిప్ప ఒక్కటే దొరికితే కటి ఎముక చూస్తారు. పక్కమెడవాటికి అది చిప్పకి అతుక్కుపోయి ఉంటుంది. మనిషి కనబడకపోయినా చెప్పులు చూసి ఎవరొచ్చారో చెప్పే అమ్మమ్మల్లాంటి వాళ్లు ఈ శాస్త్రవేత్తలు.

1891లో గేయోర్గ్ బౌర్ ఈ తాబేలు పేరు మీద ఒక కుటుంబాన్నే ఏర్పాటు చేశాడు, బోత్రెమిడిడే అని. ఆ తర్వాత చాలాకాలం గొడవ చిప్పల దగ్గర నడిచింది. 1940లో కార్ల్ ష్మిట్ అర్కాన్సా రాష్ట్రంలో దొరికిన ఒక చిప్పని దక్షిణ అమెరికాలో ఇప్పటికీ బతికున్న వేరే తాబేలు ప్రజాతిలో వేశాడు. 1968లో యూజీన్ గాఫ్‌నీ, రైనర్ ట్సాంగెర్ల్ అనే ఇద్దరు దాన్ని తీసుకొచ్చి బోత్రెమిస్ కింద చేర్చారు. 2006లో అదే గాఫ్‌నీ, హైయాన్ టాంగ్, పీటర్ మేలన్‌తో కలిసి ఆ కుటుంబం మొత్తాన్నీ తిరగరాస్తూ, కాదు, ఇది వేరు అని చెదిఘాయీ అనే కొత్త ప్రజాతిలోకి మార్చాడు. తను పెట్టిందే తను మార్చాడు. మా ఆఫీసులో తను రాసిన కోడ్ తప్పని తనే ఒప్పుకుని మార్చేవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆయన ముప్ఫై ఎనిమిదేళ్ల తర్వాత మార్చాడు, అచ్చులో.

బోత్రెమిస్ చుట్టాలు న్యూజెర్సీతో ఆగలేదు. మొరాకో ఫాస్ఫేటు గనుల్లో అదే ప్రజాతి తాబేళ్లు దొరికాయి. అవి 6.6 కోట్ల ఏళ్ల కిందట రాక్షసబల్లులు అంతరించిన తర్వాతి కాలానివి. అంటే ఆ ప్రళయం దాటి బతికింది ఈ ప్రజాతి. సముద్రం ఒడ్డున బతకగలిగిన కుటుంబం కాబట్టి చాలా దూరం పాకింది. మన దేశం దాకా.

ఇక్కడికి గాఫ్‌నీ మళ్లీ వస్తాడు. 2001లో ఆయన, టెక్సస్‌లో పనిచేసే శంకర్ చటర్జీ, కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కి చెందిన ధీరజ్ కుమార్ రుద్ర కలిసి ఒక కొత్త తాబేలుని వర్ణించారు. దొరికింది తమిళనాడులో, అరియలూరు ప్రాంతంలో, కల్లమేడు అనే ఊరి దగ్గర. వయసు సుమారు 7 కోట్ల ఏళ్లు. పుర్రె చూస్తే పక్కమెడ. కుటుంబం బోత్రెమిడిడే. అంటే మా బార్న్స్‌బరో తాబేలు కుటుంబమే. కానీ దీని నోట్లో ఆ రోలు గుంటలు లేవు. ఇది సముద్రపుది కాదు, నదులు పరిచిన మట్టిలో దొరికింది. పేరు కుర్మడెమిస్ కల్లమేడెన్సిస్. కూర్మం నుంచి కుర్మ, గ్రీకు ఎమిస్. ఊరి పేరు చివర.

పెదనాన్న మెసేజ్‌లోని తాబేలు ఇదే. నెట్‌లో ఆ పత్రం దొరికింది, రెండు రాత్రులు కూర్చుని చదివాను. అవతారం నిజమని ఎవరూ ఒప్పుకోలేదు, అబద్ధమనీ అనలేదు. అది వాళ్ల పనే కాదు. మన దేశపు తాబేలుకి మన దేశపు కథల్లోంచి అందమైన పేరు పెట్టారు, అంతే.

చదువుతూ పోతే ఇంకా తెలిసింది. మన దేశంలో పక్కమెడ తాబేలు దొరకడం అదే మొదలు కాదు. 1852లోనే, అంటే లైడీ కంటే ముందే, బొంబాయిలో హెన్రీ జాన్ కార్టర్ అనే డాక్టరు అక్కడి రాళ్లలో దొరికిన ఒక చిన్న తాబేలు గురించి రాశాడు. అదీ పక్కమెడదేనని తర్వాతివాళ్లు తేల్చారు. 2003లో అదే బొంబాయి లావా పొరల మధ్య మట్టిలోంచి శంకుచెమిస్ అనే మరొకటి వచ్చింది. కుర్మడెమిస్‌కి దగ్గర బంధువు. 2009లో వర్ణించిన ఇంకో దగ్గర బంధువు మడగాస్కర్‌లో దొరికింది, పేరు కింకోనికెలిస్. మడగాస్కర్ ఏమిటి, తమిళనాడు ఏమిటి అంటారా? సుమారు 8.8 కోట్ల ఏళ్ల కిందటి దాకా అవి రెండూ ఒకే నేల. తర్వాత విడిపోయి మన నేల ఉత్తరానికి ఈదడం మొదలుపెట్టింది. కుర్మడెమిస్ బతికిన కాలానికి ఇండియా చుట్టూ సముద్రం. హిమాలయాలు లేవు. గంగ లేదు. ఆ తాబేలు ఉన్నది ఒక ఓడ మీద అనుకోండి.

ఇవాళ మన దేశంలో సహజంగా బతికే పక్కమెడ తాబేలు ఒక్కటి కూడా లేదు. దక్షిణ అమెరికా, ఆఫ్రికా, మడగాస్కర్, ఆస్ట్రేలియా, న్యూగినీ వైపు ఉన్నాయి. మన చెరువుల్లో ఉన్నవి, మన అడవుల్లో ఉన్నవి, మా శ్రీకాకుళం తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే సముద్ర తాబేళ్లు, అన్నీ రెండో వంశానివే. అంటే కూర్మం పేరు మోస్తున్న ఆ పాత తాబేలుకి మన కూర్మాలేవీ వారసులు కావు. పాత అద్దెవాళ్లు ఖాళీ చేసి వెళ్లాక కొత్తవాళ్లు దిగిన ఇల్లు మనది. ఇది చదివిన రాత్రి నాకు కాస్త దిగులేసింది. వీసా కాగితాల మీద పదకొండేళ్లుగా బతుకుతున్నవాడికి ఎవరు ఎక్కడివాళ్లు అన్న మాట ఊరికే తగలదు.

ఇంకొకటి కూడా తగిలింది. అదే కల్లమేడు ప్రాంతంలో 1987లో పి. యాదగిరి, కె. అయ్యసామి ఒక బ్రహ్మాండమైన రాక్షసబల్లిని వర్ణించారు. పేరు బృహత్కాయోసారస్. యాదగిరి గారు మన గోదావరి లోయలో దొరికిన కోటసారస్‌కి పేరు పెట్టినాయన. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన అస్థిపంజరం ఆ కోటసారస్‌దే, మీలో చాలామంది చూసే ఉంటారు. ఈ బృహత్కాయోసారస్ ఎముకలు మాత్రం మిగల్లేదు. కల్లమేడు ఎముకలు తడికీ గాలికీ పొడిపొడి అయిపోతాయి. ఇప్పుడు బొమ్మలు, కొలతలు ఉన్నాయి గానీ వస్తువు లేదు. కాబట్టి అది నిజంగా ఎంత పెద్దదన్న వాదన తెగదు. అదే మట్టిలోంచి ఒక తాబేలు పుర్రె ముక్కలవకుండా బయటికొచ్చి, శుభ్రపడి, బొమ్మలతో సహా అచ్చయి, ఎవరైనా వెళ్లి సరిచూసుకునేలా మిగలడం ఎంత పెద్ద సంగతో అప్పుడు అర్థమైంది. ఆ పని చేసినవాళ్ల పేర్లు మెసేజ్‌లో లేవు. "విదేశీ శాస్త్రవేత్తలు" అని ఉంది. ముగ్గురిలో ఇద్దరు మన బెంగాలీలు.

గ్రూపులో ఏమీ రాయలేదు. మర్నాడు శనివారం రాత్రి, వాళ్లకి ఆదివారం పొద్దున, పెదనాన్నకి ఫోన్ చేశాను. పెద్దమ్మ ఎత్తి, తిన్నావా అని అడిగి, ఆయనకిచ్చింది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. చివరికి అసలు చోటుకి వచ్చేసరికి గొంతు తడబడింది. "పేరు పెట్టారు గానీ, దాన్ని బట్టి..." అని ఆగిపోయాను. అప్పుడు ఒక ఉదాహరణ గుర్తొచ్చింది. ఇదే శంకర్ చటర్జీ, మరో ముగ్గురు కలిసి 1975లో ప్రాణహిత, గోదావరి లోయలో దొరికిన ఒక రాక్షసబల్లికి బరపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. రవీంద్రనాథ్ ఠాగూర్ మీద గౌరవంతో.

"అయితే ఆ బల్లి కవిత్వం రాసేదని ఎవరూ అనలేదన్నమాట" అన్నారు పెదనాన్న.

ఇద్దరం నవ్వేశాం. నవ్వాక కాసేపు ఆయన ఏమీ మాట్లాడలేదు. నొచ్చుకున్నారేమో అనుకున్నాను.

"ఒరే, నాకు స్వామి మీద ఉన్న నమ్మకానికి ఈ ఎముకల రుజువు ఎప్పుడూ అక్కర్లేదురా" అన్నారు. "రుజువు కావాలన్నది ఆ మెసేజ్ రాసినవాడికి. నేనూ ఆలోచించకుండా పంపేశాను. సరే గానీ, ఆ తాబేలు తల లోపలికి లాక్కునేదా?"

"లేదు పెదనాన్నా, పక్కకి వంచుకునేది. మెడ కొంచెం బయటే ఉండేది."

"గీతలో స్థితప్రజ్ఞుడికి పోలిక చెప్పిన తాబేలు ఇది కాదన్నమాట. కొంచెం బయట పెట్టుకునే రకం. మనలాగ."

తర్వాత అసలు ప్రశ్న అడిగారు. "ఇదంతా ఎక్కడ చదివావు?"

"ఇంగ్లీషులో ఉంది."

"తెలుగులో?"

తెలుగులో నేను వెతికాను. నా కంటపడింది ఆ మెసేజ్ ఒక్కటే. ఆ మాటే చెప్పాను.

"మరింకేం, శాసనం ఖాళీగా ఉంటే ఎవడో ఒకడు ఏదో ఒకటి చెక్కుతాడు. నువ్వు టైపు చేయడం నేర్చుకున్నావు కదా, రాయి" అన్నారు.

తెలుగు టైపింగ్ నాకు ఎవరూ నేర్పలేదు. రెండు వేళ్లతో, తప్పులతో నేర్చుకున్నాను. బోత్రెమిడిడే అన్న ముక్క సరిగ్గా పడటానికి నాలుగు సార్లు కొట్టాను. లింకు పెదనాన్నకి పంపుతున్నాను. గ్రూపులో పెట్టడం ఆయన ఇష్టం. మా అమ్మాయి గవ్వ ముక్క మాత్రం నా కీబోర్డు పక్కనే ఉంది. అది ఏ జాతిదో ఇంకా కనుక్కోవాలి.